ఒకే జవాబు పదిసార్లు వచ్చినా తప్పు కావచ్చు: బడి ప్రయోగాల్లో విశ్వసనీయత, సప్రమాణత

పై వీడియోలో పిల్లలు ట్రేల్లో పెసలు మొలకెత్తించి లెక్కపెట్టడం చూసి ఉంటారు. వీడియో చిన్నది కాబట్టి ఎలా చేయాలి అన్నంతవరకే చూపించగలిగాను. ఎందుకు అలాగే చేయాలి అన్నది ఇక్కడ రాస్తున్నాను. సైన్స్ టీచర్లకు, ప్రాజెక్టు చేస్తున్న పిల్లలకు, పొలంలో ఏదైనా పోల్చి చూద్దామనుకునే రైతులకు ముగ్గురికీ పనికొస్తుంది. కాస్త పెద్ద పోస్టు, ఓపికగా చదవండి.

సైన్స్ ఫెయిర్లలో సహజ వ్యవసాయం మీద తరచూ కనిపించే ప్రాజెక్టు ఒకటుంది. రెండు కుండీలు. ఒకదానికి జీవామృతం, ఇంకోదానికి మామూలు నీళ్లు. జీవామృతం పోసిన మొక్క ఏపుగా ఉంటుంది, రెండోది బక్కగా ఉంటుంది. వెనకాల రంగుల చార్టు. చూసినవాళ్లు శభాష్ అంటారు.

నాకు జీవామృతం మీద నమ్మకం ఉంది, నా పొలంలో వాడతాను. అయినా ఆ రెండు కుండీలు చూపించి "రుజువైపోయింది" అంటే ఒప్పుకోను. ఎందుకంటే ఆ ప్రయోగం రెండు ప్రశ్నలకు జవాబు చెప్పలేదు. ఒకటి: మళ్లీ చేస్తే ఇదే వస్తుందా? రెండు: వచ్చిన తేడా నిజంగా జీవామృతం వల్లనేనా?

మొదటి ప్రశ్న విశ్వసనీయత గురించి. రెండోది సప్రమాణత గురించి. డీఎస్సీకి చదివినవాళ్లకు ఈ రెండు మాటలూ పరిచయమే. మన పొలం భాషలో చెప్పాలంటే ఒకటి నిలకడ, ఇంకోటి సూటి. ఈ రెండూ ఒకటే అనుకోవడం దగ్గరే చాలా ప్రయోగాలు దారి తప్పుతాయి.

కాటా దగ్గర నిలబడి ఆలోచిద్దాం

ధాన్యం బస్తా ఒకటి తీసుకుని మూడుసార్లు కాటా మీద పెట్టారు. మొదటిసారి 40 కిలోలు, తర్వాత 43, ఆ తర్వాత 38. ఈ కాటాకి నిలకడ లేదు. దాని మాట ఎవరూ నమ్మరు.

ఇప్పుడు ఇంకో కాటా. అదే బస్తా మూడుసార్లు పెడితే మూడుసార్లూ 38 కిలోలే. నిలకడ బ్రహ్మాండంగా ఉంది. కానీ ఆ బస్తా అసలు బరువు 40 కిలోలైతే?

ఈ రెండో కాటాయే ఎక్కువ ప్రమాదం. మొదటిదాన్ని చూడగానే అనుమానం వస్తుంది. రెండోదాన్ని మూడుసార్లు చూశాం కదా అని మనమే ఊరుకుంటాం. వందసార్లు పెట్టినా అది 38 అనే అంటుంది. మళ్లీ మళ్లీ తూచడం వల్ల దాని తప్పు బయటపడదు. ముద్ర వేసిన 20 కిలోల తూకం రాయి తెచ్చి పెడితేనే బయటపడుతుంది.

ఈ పోస్టు మొత్తానికి కీలకం ఇదే. నిలకడ తెలియాలంటే మళ్లీ చేసి చూడాలి. సూటి తెలియాలంటే సరైన దానితో పోల్చి చూడాలి. ఒకటి చేసి రెండోది కూడా చేసినట్టు అనుకోకూడదు.

నిలకడ: పది గింజలు సరిపోతాయా?

బడిలో మొలక పరీక్ష అంటే తడిగుడ్డలో పది గింజలు పెట్టడం అలవాటు. ఇంట్లో మన పెద్దవాళ్లూ అలాగే చూసేవాళ్లు. పది గింజలు ఎంత చెప్పగలవో చూద్దాం.

నిజంగా 100కి 80 మొలిచే విత్తనం మూట ఉందనుకోండి. అందులోంచి చేతికొచ్చిన పది గింజలు పెడితే ప్రతిసారీ ఎనిమిదే మొలవవు. ఇలాంటి పది గింజల పరీక్ష 100 సార్లు చేస్తే లెక్కప్రకారం సుమారు 11 సార్లు పదికి పదీ మొలుస్తాయి. సుమారు 12 సార్లు ఆరు గానీ అంతకంటే తక్కువ గానీ మొలుస్తాయి. మూట మాత్రం ఒకటే.

ఇప్పుడు ఒక పాప బీజామృతం పట్టించిన పది గింజలు పెట్టింది, పదీ మొలిచాయి. పక్క పాప మామూలు గింజలు పెట్టింది, ఆరు మొలిచాయి. చార్టు మీద "మొలక శాతం 60 నుంచి 100కి పెరిగింది" అని రాసేస్తారు. చూడ్డానికి చాలా పెద్ద తేడా. కానీ బీజామృతం ఏమీ చేయకపోయినా, కేవలం గింజలు చేతికొచ్చిన తీరు వల్ల ఇలాంటి తేడా వచ్చేయవచ్చు. పది గింజలకు అంత ఊగిసలాట ఉంటుంది.

అదే మూట నుంచి 100 గింజలు పెడితే, 100 సార్లలో 95 సార్లకు పైగా జవాబు 72 నుంచి 88 మధ్య వస్తుంది. 400 గింజలు పెడితే 76 నుంచి 84 శాతం మధ్యకి దగ్గరవుతుంది. విత్తన పరీక్ష కేంద్రాల్లో 400 గింజలు, వందేసి చొప్పున నాలుగు భాగాలుగా పెట్టేది ఇందుకే. ఆ నాలుగు భాగాల జవాబులు ఒకదానికొకటి హద్దు మించి దూరంగా ఉంటే ఆ పరీక్ష పక్కన పెట్టి మళ్లీ చేస్తారు. ధ్రువీకరించిన విత్తనానికి కనీస మొలక శాతం వరికి 80, పెసరకు 75, వేరుశనగకు 70. ఒక రైతు పది గింజలు పెట్టి ఆరు మొలిచాయని మంచి వేరుశనగ విత్తనం పారబోస్తే నష్టం. పది మొలిచాయని ధైర్యంగా పలచగా వేస్తే అదీ నష్టమే.

ఇక్కడ పిల్లలకు కచ్చితంగా చెప్పాల్సిన మాట ఒకటుంది. ఒకే మొక్క ఎత్తు పదిసార్లు కొలిస్తే అది పది ప్రయోగాలు కాదు. దానివల్ల మీ టేపు నిలకడ తెలుస్తుంది, మీ చెయ్యి నిలకడ తెలుస్తుంది. మొక్కల సంగతి తెలియదు. అలాగే 100 గింజలు ఒకే ట్రేలో పెడితే, ఆ ట్రేకి బూజు పడితే నూటికి నూరూ పోతాయి. అందుకే గింజలు ఎక్కువ ఉండాలి, ట్రేలు కూడా ఎక్కువ ఉండాలి.

సూటి: మారింది ఒక్కటేనా?

మోల్ అర్ధపత్ర ప్రయోగం మనలో చాలామంది బడిలో చదివాం. మొక్కని చీకట్లో ఉంచి ఆకులో పిండిపదార్థం పోయేలా చేస్తారు. తర్వాత ఒక ఆకుని సగం బయట, సగం సీసాలో ఉండేలా చీల్చిన బిరడాలో బిగిస్తారు. సీసాలో పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం ఉంటుంది. అది కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చేస్తుంది. కొన్ని గంటలు వెలుతురులో పెట్టి, అయోడిన్ వేస్తే బయటి సగం నల్లబడుతుంది, లోపలి సగం నల్లబడదు. కాబట్టి పిండిపదార్థం తయారవడానికి కార్బన్ డయాక్సైడ్ కావాలి అంటాం.

ఒక్క నిమిషం ఆగండి. లోపలి సగానికి, బయటి సగానికి తేడా కార్బన్ డయాక్సైడ్ ఒక్కటేనా? లోపలి సగం సీసాలో ఉంది. గాలి ఆడదు, లోపల చెమ్మ, వేడి వేరుగా ఉంటాయి, గాజు మీద ఆవిరి పడితే వెలుతురు కూడా తగ్గవచ్చు. తేడా సీసా వల్ల వచ్చిందేమో! దీనికి మందు తేలిక. పక్కన ఇంకో మొక్కకి అదే సీసా, అదే బిరడా, కాకపోతే పొటాషియం హైడ్రాక్సైడ్ బదులు ఉత్త నీళ్లు పెట్టండి. ఆ సీసాలో సగం కూడా నల్లబడితే సీసా తప్పేం లేదని తేలుతుంది. ఆ రెండో సీసాయే మన తూకం రాయి. ఈ ప్రయోగం ఏటా చేస్తే ఏటా అదే వస్తుంది, నిలకడ ఉంది. సూటి మాత్రం రెండో సీసాతోనే వస్తుంది.

ఇదే చూపుతో మన రెండు కుండీలు చూడండి. జీవామృతం కుండీకి ఏమేం అదనంగా వెళ్లాయి? పేడ, మూత్రం, బెల్లం, పప్పుల పిండి, గుప్పెడు మట్టి. మూత్రంలో నత్రజని ఉంది. కొన్నిసార్లు నీళ్లు కూడా ఎక్కువ వెళ్తాయి. రోజూ నీళ్లు పోసి, పైన జీవామృతం అదనంగా పోస్తే రెండో కుండీకి అంత తడి అందదు. ఆ పైన ఇష్టమైన కుండీని కిటికీ దగ్గర పెట్టడం మనిషి సహజం. ఇన్ని మారినప్పుడు, ఎదుగుదలకు కారణం ఇదీ అని ఒకదాన్ని వేలెత్తి చూపించలేం.

వీడియోలోని పెసల ప్రయోగం, లెక్కప్రకారం

బీజామృతం కొలత 20 లీటర్ల నీళ్లకు 5 కిలోల పేడ, 5 లీటర్ల మూత్రం, 50 గ్రాముల సున్నం, గుప్పెడు మట్టి. బడికి అంత అక్కర్లేదు. ఒక లీటరు నీళ్లు, పావుకిలో పేడ, పావులీటరు మూత్రం, రెండున్నర గ్రాముల సున్నం, చిటికెడు మట్టి చాలు. చేతికి గ్లౌజులు, తర్వాత సబ్బుతో చేతులు కడగడం తప్పనిసరి.

గింజల్ని మూడు రకాలుగా చేయండి. మొదటి రకం పొడి గింజలు. రెండో రకం ఉత్త నీళ్లు పట్టించి నీడలో ఆరబెట్టినవి. మూడో రకం బీజామృతం పట్టించి నీడలో ఆరబెట్టినవి. పప్పుజాతి గింజల్ని నానబెట్టొద్దు, పైపొట్టు ఊడిపోతుంది. పట్టించి ఆరబెట్టడమే.

చాలామంది వదిలేసేది రెండో రకాన్నే. తడి తగిలిన గింజ పొడి గింజ కంటే ముందు మేల్కొంటుంది. కాబట్టి పొడి గింజతో మాత్రమే పోలిస్తే బీజామృతం ఖాతాలో నీళ్ల ఫలితం కూడా పడిపోతుంది. బీజామృతం సంగతి తెలియాలంటే రెండో రకానికి, మూడో రకానికి ఉన్న తేడా చూడాలి.

ఒక్కో రకానికి నాలుగు ట్రేలు, ట్రేకి 50 గింజలు. మొత్తం 12 ట్రేలు, 600 గింజలు. ఏ ట్రే ఎక్కడ పెట్టాలో చీటీలు తీసి నిర్ణయించండి. లేకపోతే ఒక రకం అంతా కిటికీ దగ్గర చేరిపోతుంది. ట్రేలకు 1 నుంచి 12 వరకు అంకెలే వేయండి, ఏ అంకె ఏ రకమో ఒకరి దగ్గరే రాసి ఉండాలి. లెక్కపెట్టే పిల్లలకు చెప్పొద్దు. బీజామృతం రంగు వల్ల కొంత తెలిసిపోవచ్చు, అయినా ఈ అలవాటు మంచిది. ఎందుకంటే మనం గెలవాలనుకున్న ట్రేలో సగం మొలిచిన గింజ కూడా మొలిచినట్టే కనిపిస్తుంది. అది మోసం కాదు, మనసు తీరు అంతే.

దేన్ని మొలక అనాలో ముందే నోటుబుక్కులో రాసుకోండి. ఉదాహరణకి వేరు ఒక సెంటీమీటరు దాటితేనే మొలిచినట్టు. మొదటి లెక్క ఏ రోజో, చివరి లెక్క ఏ రోజో కూడా ముందే రాసుకోండి. అన్ని ట్రేలకూ అదే పాటించండి. ఫలితం చూశాక రూలు మార్చకూడదు.

లెక్క అయ్యాక ఒక్కో రకానికి సగటు ఒక్కటే రాయకుండా నాలుగు ట్రేల అంకెలూ రాయండి. నీళ్ల గింజలు 41, 44, 39, 43 అని, బీజామృతం గింజలు 42, 40, 45, 43 అని వచ్చాయనుకుందాం. సగటు చూస్తే బీజామృతం కొంచెం ఎక్కువ. కానీ ఒకే రకంలో ట్రేకి ట్రేకి ఉన్న ఊగిసలాట అంతకంటే పెద్దది. అప్పుడు నిజాయితీగా రాయాల్సింది "ఈ ప్రయోగంలో తేడా కనిపించలేదు" అని.

అలా రాస్తే బీజామృతం దండగ అన్నట్టా? కాదు. సూటి రెండువైపులా చూడాలి. బీజామృతం ప్రధానంగా విత్తనం ద్వారా, నేల ద్వారా వచ్చే తెగుళ్ల నుంచి కాపాడటానికి అంటాం. ఆరోగ్యంగా ఉన్న గింజల్ని శుభ్రమైన ట్రేలో పెడితే కాపాడటానికి అక్కడ తెగులే లేదు. ఈ ప్రయోగం మొలక శాతాన్ని కొలిచింది, తెగులు నుంచి రక్షణని కొలవలేదు. దాని గురించి మాట్లాడాలంటే తెగులు ఉన్న విత్తనంతో వేరే ప్రయోగం కావాలి. కొలవని దాని గురించి అనుకూలంగా చెప్పినా తప్పే, వ్యతిరేకంగా చెప్పినా తప్పే.

మీటర్ అంకె చూపించింది, ఏం కొలిచింది?

పిల్లలతో ఐదు నిమిషాల్లో చేయించగల ప్రయోగం ఇది. రెండు గ్లాసుల ఫిల్టర్ నీళ్లు తీసుకోండి. ఒకదాంట్లో చెంచా పంచదార, ఇంకోదాంట్లో చిటికెడు ఉప్పు కలపండి. టీడీఎస్ మీటర్ ముంచండి. ఉప్పు నీళ్లలో అంకె వందలు, వేలల్లోకి దూకుతుంది. పంచదార నీళ్లలో దాదాపు కదలదు. చెంచాడు పంచదార కరిగి ఉంది, మీటర్‌కి కనిపించలేదు. ఎన్నిసార్లు ముంచినా ఇంతే.

మీటర్ చెడిపోలేదు. అది కొలిచేది నీళ్లలో కరెంటు ఎంత బాగా పారుతుందో. ఉప్పు కరిగితే పారుతుంది, పంచదార కరిగితే పారదు. ఆ కొలతని లెక్కగట్టి కరిగిన పదార్థం అని అంకె చూపిస్తుంది. అలాంటి మీటర్ని జీవామృతంలో ముంచి "చూడండి ఎంత బలం ఉందో" అంటే, అది సూక్ష్మజీవుల్ని లెక్కపెట్టలేదు. మూత్రంలో ఉన్న లవణాల వల్ల కరెంటు పారింది, అంతే. అంకె నిలకడగా ఉంది కదా అని దాని అర్థం కూడా సరైనదే అనుకోకూడదు.

ఐదేళ్ల ప్రయోగం, ఉప్పు లెక్క

కొలతలు బాగుండి అర్థం తప్పడం పెద్ద పెద్ద వాళ్లకూ జరిగింది. 17వ శతాబ్దంలో బెల్జియం ప్రాంతానికి చెందిన వాన్ హెల్మాంట్ ఒక కుండీలో ఎండబెట్టిన మట్టి 200 పౌండ్లు, అంటే దాదాపు 90 కిలోలు తూచి పోశారు. అందులో 5 పౌండ్ల విల్లో మొక్క నాటారు. దుమ్ము పడకుండా రంధ్రాలున్న రేకు కప్పి, ఐదేళ్లు నీళ్లు మాత్రమే పోశారు. చివరికి చెట్టు 169 పౌండ్లకు పైగా తూగింది, సుమారు 77 కిలోలు. మట్టి మళ్లీ ఎండబెట్టి తూస్తే తగ్గింది 2 ఔన్సులు, అంటే 57 గ్రాములు. ఈ వివరాలు ఆయన చనిపోయాక 1648లో అచ్చయ్యాయి.

చెట్టు బరువు మట్టి నుంచి రాలేదని ఆయన చూపించారు, అది సరే. కానీ చెట్టు మొత్తం నీళ్ల నుంచే పుట్టిందన్నారు. అక్కడ గురి తప్పింది. గాలిని ఆయన లెక్కలోకి తీసుకోలేదు. ఇంకో సంగతి, ఒక్కటే చెట్టు. రెండో చెట్టు లేదు కాబట్టి నిలకడ కూడా ఆ ప్రయోగంలో తెలియదు.

ఆ 57 గ్రాముల దగ్గర మనం కూడా ఆగాలి. మొక్క నేల నుంచి తీసుకునేది ఒకటిన్నర శాతమే, మిగతాదంతా గాలి, నీరు, ఎండ నుంచే అని మన శిక్షణల్లో తరచూ వింటాం. ఎండిన మొక్క బరువులో ఎక్కువ భాగం గాలి, నీళ్ల నుంచి వచ్చిందే. అయితే దాని నుంచి "కాబట్టి నేల నుంచి అందేది పెద్ద విషయం కాదు" అనేస్తే మళ్లీ గురి తప్పినట్టే. కూరలో ఉప్పు బరువెంత? కిలో కూరకి పది, పదిహేను గ్రాములు. అది లేకపోతే కూర నోట పెట్టగలమా? బరువు అనే కొలత ఎంత ఉందో చెబుతుంది. ఎంత అవసరమో చెప్పదు. మొక్కకి నత్రజని, భాస్వరం, జింకు అలాంటివే.

పనిచేసిందా, ఎందుకు పనిచేసింది: ఇవి రెండు ప్రశ్నలు

జీవామృతం పోసిన మొక్క నిజంగానే బాగా పెరిగిందని, అన్ని జాగ్రత్తలతో తేలిందనుకుందాం. "సూక్ష్మజీవుల వల్ల పెరిగింది" అనడానికి అది సరిపోదు. అందులో నత్రజని కూడా ఉందిగా. హైస్కూలు పిల్లలు ఇక్కడ మంచి ప్రయోగం చేయవచ్చు. మూడు రకాల కుండీలు. ఒకదానికి నీళ్లు, రెండోదానికి జీవామృతం, మూడోదానికి మరగబెట్టి చల్లార్చిన జీవామృతం. ముగ్గురికీ కొలత ఒకటే. మరిగిస్తే సూక్ష్మజీవులు చాలావరకు చస్తాయి, పోషకాలు ఎక్కువభాగం మిగులుతాయి.

మామూలు జీవామృతం మరిగించిన దానికంటే నిలకడగా ముందుంటే బతికున్న జీవుల పాత్ర ఉండవచ్చని అనవచ్చు. రెండూ సమానంగా పెరిగితే పని చేసింది పోషకాలే కావచ్చు. ఇదీ నూటికి నూరుపాళ్లు సూటి కాదు. మరిగేటప్పుడు కొంత అమ్మోనియా పోతుంది, కొన్ని జీవుల బీజాంశాలు మరిగినా బతుకుతాయి. ఈ రెండు లోపాలూ రిపోర్టులో రాసిన పిల్లాడికి నేనైతే ఎక్కువ మార్కులు వేస్తాను. మరగబెట్టే పని పెద్దవాళ్లు ఆరుబయట చేయాలి.

బడి నుంచి పొలానికి

డిప్లొమాలో మేం ఆర్‌బీడీ అని ఒక ప్రయోగ పద్ధతి నేర్చుకున్నాం. పేరు వింటే భయం గానీ విషయం పైన చెప్పిన ట్రేలు, చీటీలే. ఇంగ్లండులోని రోథంస్టెడ్‌లో 1843 నుంచి బ్రాడ్‌బాల్క్ అనే పొలంలో పశువుల ఎరువు, రసాయన ఎరువులు, ఏమీ వేయని మళ్లు పక్కపక్కన గోధుమ మీద పోలుస్తున్నారు. ఇప్పటికీ నడుస్తోంది. 1919లో అక్కడ చేరిన ఆర్.ఎ. ఫిషర్, పొలంలో భూమి అంతా ఒకేలా ఉండదు కాబట్టి ఏ మడికి ఏది వేయాలో చీటీ తీసినట్టు నిర్ణయించాలని, ప్రతిదీ కొన్ని మళ్లలో మళ్లీ మళ్లీ వేయాలని గట్టిగా చెప్పారు. 1935లో ప్రయోగాల రూపకల్పన మీద పుస్తకం రాశారు.

మనకూ తెలిసిందేగా. కాలువ దగ్గరి మడి వేరు, చివరి మడి వేరు. ఒకప్పుడు పేడకుప్ప ఉన్న చోట పైరు ఎప్పుడూ నల్లగా ఉంటుంది. గట్టుకి ఇటు ఒక ఎకరం జీవామృతం, అటు ఒక ఎకరం యూరియా వేసి పోలిస్తే, మనం పోల్చింది ఎరువులనా, నేలలనా? ఎకరాన్ని ఎనిమిది పట్టీలు చేసి, చీటీలు తీసి నాలుగింటికి ఇది, నాలుగింటికి అది వేస్తే ఆ గందరగోళం తగ్గుతుంది.

కోతలప్పుడు రెండు జాగ్రత్తలు. వరిలో దిగుబడి అంచనాకి 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు మడి కోస్తారు, అంటే 25 చదరపు మీటర్లు. ఎకరం అలాంటి మళ్లు సుమారు 162. అక్కడ ఒక్క కిలో తేడా వస్తే ఎకరానికి 162 కిలోల తేడాగా కనిపిస్తుంది. అందుకే ఒక్క మడి కోసి వీడియో పెట్టడం కుదరదు, గట్టు పక్క వరుసలు కలపడం కుదరదు. రెండోది తేమ. 20 శాతం తేమ ఉన్న 100 కిలోల ధాన్యం 14 శాతానికి ఆరితే 93 కిలోలే. ఒకవైపు పచ్చిగా, ఇంకోవైపు ఆరాక తూచితే 7 కిలోల దిగుబడి ఉత్తి పుణ్యానికి పెరిగినట్టు కనిపిస్తుంది. కాటా సరైనదే, పోలిక తప్పు.

ఇంకో మాట. కుండీలో వచ్చింది పొలంలో వస్తుందని, ఒక ఏడాది వచ్చింది వానలు తప్పిన ఏడాది కూడా వస్తుందని అనలేం. పెసర మీద చేస్తే పెసర అనే రాయాలి, "అన్ని పంటలకూ" అని రాయకూడదు.

ఇంత చాదస్తం ఎందుకు?

బడిలో ప్రయోగం గురి తప్పితే పోయేది నాలుగు మార్కులు. అదే వీడియోగా మారి, రెండెకరాలు కౌలుకి తీసుకున్న రైతు చూసి, పైరు మొత్తానికి వర్తింపజేస్తే పోయేది ఏడాది కష్టం, మీద అప్పు. అలా దెబ్బతిన్న రైతు మళ్లీ సహజ వ్యవసాయం పేరెత్తడు, పక్కవాళ్లనీ ఎత్తనివ్వడు. మన పద్ధతికి బయటి విమర్శల కంటే మనవాళ్లు చూపించే బలహీనమైన రుజువులే ఎక్కువ చేటు. నాలాగా పండించింది సొంతంగా అమ్ముకునేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఫలితం మనకి లాభం తెచ్చేదైతే దాన్ని రెండింతలు అనుమానించాలి.

పిల్లలు గోడకి అంటించుకోవడానికి ఆరు ప్రశ్నలు:

1. నేను కొలుస్తున్నది, నేను చెప్పదలచుకున్నది ఒకటేనా?
2. రెండు గుంపుల మధ్య మారింది ఒక్క విషయమేనా? మారకూడనివి ఏవో రాశానా?
3. ఎన్ని గింజలు, ఎన్ని ట్రేలు? ఒక్కటే అయితే ఆగి, ఇంకొన్ని పెట్టాలి.
4. ఎక్కడ ఏది పెట్టాలో నా ఇష్టం నిర్ణయించిందా, చీటీ నిర్ణయించిందా?
5. లెక్కపెట్టే రూలు ముందే రాశానా?
6. ఇంకొకరు నా నోటుబుక్కు చూసి, నన్ను అడక్కుండా ఇదే ప్రయోగం చేయగలరా?

మొదటి రెండూ సూటి కోసం. తర్వాతవి ఎక్కువగా నిలకడ కోసం, నాలుగోది మాత్రం రెండింటికీ పనికొస్తుంది.

ఈ వారం 600 పెసలు, 12 ట్రేలతో మీ బడిలో మొదలుపెట్టండి. తేడా వచ్చినా రాయండి, రాకపోయినా రాయండి, నాలుగు ట్రేల అంకెలూ విడివిడిగా పంపండి. తేడా రాని ఫలితాలు కూడా వీడియోలో అలాగే చూపిస్తాను.